ఆడది, రెండోది

ముందే చెబుతున్నాను, ఇది రాస్తున్నది ఎవరినీ క్షమించడానికి కాదు. వయసు మీద పడితే మనసు మెత్తబడుతుందని చాలామంది అంటారు. నాకు మోకాళ్లు మెత్తబడ్డాయి గానీ మనసు అట్లాగే ఉంది. పోయిన నెల కుప్పంలో మా ఇంటికి నందిని అనే అమ్మాయి వచ్చింది. గుడుపల్లె పిల్ల, తండ్రి గ్రానైట్ లారీ డ్రైవరు, తను వృక్షశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. ఎండలో వచ్చిన పిల్లను గేటు బయటే నిలబెట్టి మాట్లాడాను. మంచినీళ్లు అడగలేదు, నేనూ ఇవ్వలేదు. రిటైరైన లెక్చరర్ల ఇళ్లకు ఎవరూ ఊరికే రారు, ఏదో ఒక సంతకానికి వస్తారు. ఈ పిల్ల చంకలో నా థీసిస్ జిరాక్స్ ఉంది. దాన్ని చూడగానే నాకు ఒళ్లు మండింది.

"ఒక్క డౌటు మేడమ్. ఈ చెట్టులో ఆడదాన్నే జీవాలు మేస్తాయి, మగదాన్ని ముట్టవు అని రాసినారు. కండ్లారా సూసినారా?" అంది.

"చూడకుండా రాస్తానా?" అన్నాను.

"పుంగనూరు కొండల్లో గొర్రెల మందల యెంట వారం దినాలు తిరిగినా మేడమ్. మీరు రాసినదానికి తలకిందులుగా ఉండాది."

ఉండాది అంది. నా ముందర, ఏ జంకూ లేకుండా, కాఫీ తాగుతున్నంత సులువుగా ఉండాది అంది. ఆ ఒక్క మాటతో మదనపల్లెలో ఒక ఇంటి వెనక గది, మైలుతుత్తం కలిపిన మైదా జిగురు వాసన, మా సారు గొంతు అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. విసురుగా గేటు తీసి లోపలికి రమ్మన్నాను.

మా సారు పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆయనకు దండ వేసినట్టవుతుంది. సర్కారు జిల్లాల నుంచి వచ్చి మదనపల్లెలో స్థిరపడిన మనిషి, నా పరిశోధనకు గైడు. తంబళ్లపల్లె అవతల ఉన్న మా పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చి పోవడం కష్టమని, తమ ఇంటి వెనక గదిలో ఉండమన్నారు. ఎంత దొడ్డ మనసో అని మా ఊరంతా చెప్పుకుంది. ఆ దొడ్డ మనసు కింద నేను పొద్దున్నే లేచి మొక్కలను నొక్కి ఎండబెట్టే ప్రెస్సుల్లోంచి చెమ్మ పట్టిన పాత పేపర్లు తీసి మిద్దె మీద ఎండేసేదాన్ని, సంతకు పోయి టమోటాలు ఏరి తెచ్చేదాన్ని, మొక్కలు అతికించే ఆ విషపు జిగురు ఉడికించేదాన్ని, ఆ చేతులు రుద్ది రుద్ది కడుక్కుని చింతపండు పిసికేదాన్ని. అమ్మగారు నాకు కాఫీ ఇచ్చే గ్లాసుకు అంచు దగ్గర సొట్ట ఉండేది. దాన్ని నేనే కడిగి వెనక కిటికీలో బోర్లించాలి, లోపలి గ్లాసుల్లో కలపకూడదు. ఆ మాట ఎవరూ నాకు చెప్పలేదు. చెప్పే పని లేకుండా మొదటి రోజే ఆమె దాన్ని కిటికీలో పెట్టి చూపించింది.

సారు ముక్కుపొడి పీల్చి, గట్టిగా తుమ్మి, పెన్సిళ్లను బ్లేడుతో చెక్కుకుంటూ కూర్చునేవారు. చెక్కిన పొట్టు ఒక కాగితంలో పోగేసి, అది నిండాక నన్ను పిలిచి పారేయమనేవారు. ఆయనకు మొక్కల తర్వాత ఇష్టమైన పని నా నోరు బాగుచేయడం. ఉండాది కాదు, ఉంది. యాల కాదు, ఎందుకు. నేను "కత్తెర ఆడ పెట్టినాను సార్" అంటే చాలు, తాగుతున్న కాఫీ ఆపేసేవారు. "ఆడ అంటే స్త్రీ. నువ్వు చెప్పదలచుకున్నది అక్కడ. ఏదీ, అను." అక్కడ, అక్కడ, అక్కడ అని పదిసార్లు అనాలి. వంటింట్లోంచి అమ్మగారి నవ్వు వినబడేది. నోట్లో గులకరాళ్లు పెట్టుకుని పుట్టారా మీరంతా అనేవారు సారు. రెండేళ్లలో ఈడ, ఆడ, యాడ మూడూ నా నోటి నుంచి పోయాయి. సెలవులకు ఊరికి పోతే మా నాయన నా మాట విని, "ఏమ్మా, రేడియోలో మాదిరి మాట్లాడతాండావే" అని మురిసిపోయేవాడు. నాకు ఏడుపొచ్చేది. ఏడవకుండా గొర్రెల దొడ్డిలోకి పోయి నిలబడేదాన్ని, ఆ వాసనకు ప్రాణం కుదుటపడేది. మళ్లీ మదనపల్లె బస్సెక్కే ముందు రెండుసార్లు సబ్బుతో స్నానం చేసేదాన్ని.

ఇక మొక్క సంగతి. పూర్వం మొక్కలకు పేర్లు పెట్టిన దొరలు చాలామంది, ఏ కొమ్మను చూసి ఆ పేరు పెట్టారో చెప్పకుండా పోయారు. ఒక పేరు ఏ మొక్కదో తకరారు వస్తే తేల్చేది ఎట్లా? అందుకని తర్వాతివాళ్లు, ఆ దొర చూసిన పాత ఎండు నమూనాల్లోంచి ఒకదాన్ని ఎంచి, ఈ పేరుకు ఇదే ఆధారం అని అచ్చులో ప్రకటించాలి. దాన్ని టైప్ అంటారు. పేరు ఆ కొమ్మకు కట్టేసినట్టే. ముందు ఎవరు ఎంచి ప్రకటిస్తే వాళ్ల మాటే చెల్లుతుంది. ఆ ఎంపిక దొర రాసిన వర్ణనకు విరుద్ధమని రుజువు చేస్తే తప్ప దాన్ని కదిలించలేరు. మా కాలేజీ బీరువాలో, ఎవరో పాతకాలపు పాదిరీ వదిలిపోయిన కట్టల్లో, అట్లాంటి షీటు ఒకటి దొరికింది. దాని జోడీ షీటు విదేశంలో యుద్ధంలో కాలిపోయిందట, కాబట్టి ప్రపంచం మొత్తానికీ మిగిలింది ఇదొక్కటే. లేబులు మీద పుంగనూరు కొండలు అని ఉంది. షీటు మీద రెండు కొమ్మలు అతికించి ఉన్నాయి, పైన ఒక పూల కొమ్మ, కింద ఒక కాయల కొమ్మ. ఆకులు రెండింటివీ ఒకే తీరు, నల్లగా మాడినట్టున్నాయి. పూలను పురుగు కొట్టేసింది, విప్పి చూడ్డానికి ఏమీ మిగల్లేదు. రెండూ ఒకే మొక్కవా, వేరువేరా? ఒకే జాతిలో ఆడ చెట్టూ మగ చెట్టూ అయ్యుంటాయని సారు సిద్ధాంతం. దొర రాసిన వర్ణనలో పనికొచ్చే మాట ఒక్కటే ఉంది. కాపరులు చెప్పడం ప్రకారం దీన్ని పశువులు ముట్టవట.

"అయితే గొర్రెల కాపరిని అడిగితే సరి" అన్నారు సారు. ఆయన నోట ఆ మాట రావడమే ఆలస్యం, నేను ఎగిరి గంతేసి "మా నాయన ఉన్నాడు సార్" అన్నాను. రెండేళ్లలో మొదటిసారి ఆ ఇంట్లో నా దగ్గర ఒకటి ఉంది, వాళ్ల దగ్గర లేనిది. ఆ గర్వం తలుచుకుంటే ఇప్పుడు నాకు నా మీదే అసహ్యం.

మా నాయన గంగులప్ప ఉతికిన పంచె కట్టుకుని, భుజాన కంబళితో, మొదటి బస్సుకే దిగాడు. కంబళికి గొర్రెల వాసన ఉండనే ఉంది. కాలేజీలో తన గదిలో సారు కుర్చీలో కూర్చుని, నాయనను బల్లకు ఇవతల నిలబెట్టారు. "తాకకూడదు. చేతులు వెనక్కి కట్టుకో" అన్నారు. ఎన్ని కొండల్లో ఎన్ని చెట్లు విరిచిన చేతులో అవి. నాయన వెంటనే చేతులు వెనక్కి కట్టుకున్నాడు. షీటు కాయల కొమ్మ వైపు ఆయనకు దగ్గరగా ఉంది, పూల కొమ్మ దూరంగా సారు వైపు ఉంది. నడుం వంచి, ముక్కు ఆనించినంత పని చేసి, రెండింటినీ చూశాడు. ఎండి ఎన్ని తరాలైందో ఆ కొమ్మలు, అయినా ఆయన మొహంలో అనుమానం లేదు. సారు నోట్‌బుక్ తెరిచి పెన్సిలు పట్టుకున్నారు.

"ఏది తింటాయి మీ గొర్రెలు?"

"ఆడది మేస్తాయి సామీ. రెండోది మూతి కూడా పెట్టవు."

అంటూ నాయన గడ్డం ఎత్తి, దూరంగా ఉన్న పూల కొమ్మ వైపు చూపించాడు. చేతులు వెనక ఉన్న మనిషి ఇంకెట్లా చూపిస్తాడు? సారు తల దించుకుని రాసుకుంటున్నారు. ఆ గడ్డం నేను చూశాను, ఆయన చూడలేదు. రాయడం అయ్యాక తలెత్తారు. మొహం వెలిగిపోతోంది.

"ఆడది! చూశావా రెడ్డెమ్మా! అక్షరం ముక్క రానివాడికి కూడా మొక్కల్లో ఆడా మగా తెలుసు. కాయలున్నది ఆడది, అది మేస్తాయి. పూలది మగది, దాన్ని ముట్టవు. రెండూ ఒకే జాతి. ముట్టవని దొర రాశాడు కాబట్టి, పూల కొమ్మే టైప్." గబగబా అంతా తేల్చేసి, నా వైపు తిరిగారు. "మీ నాయన అన్నది అదే కదా?"

రెండేళ్లు. ఆడ అంటే అక్కడ అని చెప్పదలచుకున్నావు అంటూ రెండేళ్లు నా నాలుక మీద కూర్చున్న మనిషి. మా యాసలో ఆ మాటకు అర్థం ఏమిటో మదనపల్లెలో ఆయనకు తెలిసినంత బాగా మరో బయటివాడికి తెలీదు. అయినా ఆ రోజు ఆయన చెవికి ఆడది అంటే స్త్రీ అనే వినబడింది, ఎందుకంటే అట్లా వినబడితే ఆయన సిద్ధాంతం అక్కడికక్కడే పూర్తవుతుంది. నేను నోరు తెరిచి "కాదు సార్, అక్కడ ఉన్నది అని" అంటే చాలు. ఒక్క వాక్యం. కానీ ఆ వాక్యం చెప్పాలంటే, రేపు వంటింట్లోంచి వినబడే ఆ నవ్వుకు ఓర్చుకుని, మా నాయన మాటను నా మాటగా ఒప్పుకోవాలి. పక్కన కంబళి వాసన. నేను తల ఊపాను.

నాయనకు ఇదంతా తెలీదు, తను సరిగ్గా చెప్పినందుకు సారు మెచ్చుకుంటున్నాడని నవ్వుతూ నిలబడ్డాడు. అప్పటికీ చేతులు వెనకే ఉన్నాయి. బస్టాండుకు పోతూ, "మీ సారు చెట్టు పేరు అడగలేదేమ్మా?" అన్నాడు. "కాయలుండేది గబ్బాకు. ఒక్క ఆకు నలిపితే దినమంతా గబ్బు. జీవాలు దాని పక్కకే పోవు."

"మరి మేసేదాని పేరేమిటి నాయనా?"

"మేసేదానికి పేరు యాల? మేస్తాయి, అంతే."

అక్కడి నుంచి కాలేజీకి పది నిమిషాల నడక. బస్సు కదిలాక నేను తిరిగి పోయి చెప్పొచ్చు. చెప్పలేదు. ఇంటికి పోయి, మిద్దె మీద పేపర్లు తిరగేసి, జిగురు గిన్నె తోముకున్నాను.

సారు దాన్ని ఒక చిన్న శాస్త్ర పత్రికలో అచ్చు వేశారు. పై కొమ్మ, మగది, ఇదే టైప్ అని. ఆ మొక్క తెలుగు పేరు ఆడది అని కూడా వేశారు. అది చూసి తర్వాత పుస్తకాలు రాసినవాళ్లందరూ అదే ఎత్తి రాసుకున్నారు. ఈ రోజుకీ మా జిల్లా మొక్కల పుస్తకాల్లో, ఏ కాపరీ ఏ నాడూ పిలవని ఆ పేరు ఉంది. నా థీసిస్ కూడా దాని మీదే. పుంగనూరు కొండల్లో తిరుగుతుంటే గబ్బాకులో మగ పూల చెట్లు నాకు ఎన్నో కనబడ్డాయి, జీవాలు మేసేదానిలో కాయల చెట్లూ కనబడ్డాయి. అంటే రెండూ వేరు జాతులు, దేనికది ఆడా మగా ఉన్నవే. మొక్కల చదువు మొదలుపెట్టిన పిల్లలకు కూడా అర్థమయ్యే సంగతి. వాటిని థీసిస్‌లో పెట్టలేదు. మేత గురించి "స్వయంగా గమనించాను" అని రాశాను. డాక్టరేటు వచ్చింది, కుప్పంలో ఉద్యోగం వచ్చింది. పత్రిక వచ్చిన ఏడు ఊరికి తీసుకుపోతే, నాయన అరుగు మీద కూర్చుని, "నా మాట ఏసినాడామ్మా?" అని అడిగాడు. ఇంగ్లీషులో ఉన్నది ఒక నిరక్షర కాపరి అనే ముక్క మాత్రమే, ఆయన పేరు లేదు. నేను వేలు పెట్టి, చదువుతున్నట్టు నటిస్తూ, "ఆడది మేస్తాయి, రెండోది మూతి కూడా పెట్టవు అని గంగులప్ప చెప్పినాడు" అని చెప్పాను.

"అట్లనే చెప్పినా" అన్నాడు నాయన. ఆ పత్రికను ప్లాస్టిక్ కవర్లో చుట్టి ట్రంకుపెట్టెలో పెట్టుకుని, వచ్చినవాళ్లకల్లా చూపించి, అట్లా చూపిస్తూనే పోయాడు.

ఇదంతా నందినికి చెప్పాలని నాకేమీ లేదు. మా హాల్లో కూర్చుని ఆ పిల్ల ల్యాప్‌టాప్ తెరిచి, షీటు ఫోటో చూపించింది. తన వాదన సరైనదే. పశువులు ముట్టని కాయల కొమ్మే టైప్ కావాలి, సారు ఎంపిక దొర వర్ణనకు విరుద్ధం. కానీ అది రాసి పంపితే పత్రికవాళ్లు ఒప్పుకోలేదు. అక్కడే పుట్టి పెరిగిన మనిషి, కాపరి కూతురు, స్వయంగా చూశానని థీసిస్ రాసింది కదా, నీ వారం రోజుల తిరుగుడు ఏపాటి అన్నారట.

"మీరు ఒక లెటర్ రాసిస్తే చాలు మేడమ్."

"సారు పోయారు. నేనూ పోతాను. అప్పుడు నీ ఇష్టం వచ్చినట్టు రాసుకో" అన్నాను.

"మీరు పోయినంక మీ థీసిస్ పోదు కదా మేడమ్."

చెంప మీద కొట్టినట్టయింది. లేచి పొమ్మనబోయాను. ఆ పిల్ల నా మొహం చూసి కూడా ఆగలేదు. "ఇంకొకటి మేడమ్. ఆడది అనే పేరు యాడ నుంచి వచ్చింది? మా అవ్వను అడిగితే నగింది. ఆడుండేదాన్ని ఆడది అంటాం గానీ, అది చెట్టు పేరేంది అంటాది. మీది తంబళ్లపల్లె పక్కనే కదా. ఆడ అంటే ఏమో మీకు తెలీదా?"

నాకు ఆ పిల్ల మీద కోపం కంటే అసూయ ఎక్కువగా పుట్టింది, దాచుకోను. మా కాలంలో ఒక బీరువా తాళానికి ఒక మనిషి కాళ్లు పట్టుకోవాలి, ఈ పిల్ల ఆ షీటును సంచిలో వేసుకుని తిరుగుతోంది. అది కాదు నాకు కడుపుమంట. తన మాటతోనే తిరుగుతోంది. "మీ గైడు ముందర కూడా ఇట్లాగే మాట్లాడతావా?" అని అడిగాను. "నగుతారు మేడమ్. నగనీ" అంది. నగనీ. ఆ ఒక్క మాట నాకు ఆ రోజు ఆ బల్ల దగ్గర లేకపోయింది. ఇప్పుడు లోకం మంచిదైపోయిందని నేననను, వీళ్లకూ ఎక్కడో ఒక కిటికీలో సొట్ట గ్లాసు ఉండే ఉంటుంది. నాకు నోరు లేకపోవడానికి మాత్రం గ్లాసును సాకుగా చెప్పలేను. సారు తల దించుకుని ఉన్నారు, చూడలేదు. నేను చూశాను.

కాగితం తీసుకుని లెటర్ రాశాను. నా థీసిస్‌లో మేత గురించి ఉన్నది నేను చూసింది కాదు, చూసింది రాయలేదు. కాపరి చెప్పిన ఆడది అనే మాటకు అక్కడ ఉన్నది అని అర్థం. ఆ అర్థం తెలిసిన మనిషి ఆ గదిలో ఉంది, అడిగితే తప్పు చెప్పింది, ఆమె నేనే. సంతకం పెట్టి ఇచ్చాను. నందిని చివరిదాకా చదివింది.

"ఈ చివరి వాక్యం వద్దేమో మేడమ్. లేకున్నా సరిపోతాది."

"రాసింది రాసినట్టు ఉండనీ. నీ వ్యాసంలో కాపరి అని కాదు, గంగులప్ప అని వేయాలి. లేదంటే ఆ కాగితం ఇటిచ్చెయ్యి."

"ఏస్తా మేడమ్" అని ల్యాప్‌టాప్ నా ముందుకు జరిపింది. "ఫోటో మీద ఇదే టైప్ అని గుర్తు పెట్టే ముందర మీ నోటితో ఒకసారి చెప్పండి. ఏ కొమ్మ?"

లేచి నిలబడి, నడుం వంచి చూశాను. పైన పూల కొమ్మ, కింద కాయల కొమ్మ. అదే నలుపు.

"వేలు పెట్టి చూపించండి మేడమ్, ఏం కాదు, ఫోటోనే కదా" అంది నందిని.

అప్పుడు చూసుకున్నాను, నా చేతులు రెండూ వెనక్కి కట్టుకుని ఉన్నాయి. విప్పి, ముందుకు తెచ్చి, నాకు దగ్గరగా ఉన్న కాయల మీద వేలు పెట్టాను.

"ఈడది" అన్నాను.